సంచారి: వ్రాతకెక్కిన మనోధర్మము

‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ పేరు వినగానే మనవారికి ముందుగా స్ఫురించునవి ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు. అది సహజమే. ఆ మహనీయుని కీర్తనలు 229 స్వరసహితముగా ఆ గ్రంథమున అచ్చుపడి యుండనిచో, వానిలో ఎన్ని నేటి గాయకుల గొంతులలో నిలిచి యుండెడివో ఊహింపజాలము. కాని ఆ గ్రంథమును ఓపికతో తిరుగవేయువారికి మఱియొక వస్తువు కూడ కనబడును. దాదాపు ప్రతి రాగమునకును చివర, కీర్తనలు ముగిసిన పిమ్మట, ‘సంచారి’ అను శీర్షిక క్రింద కొన్ని పంక్తుల స్వరములు కలవు. వానికి సాహిత్యము లేదు. దేవతాస్తుతి లేదు. సభలో పాడిన చప్పట్లు రావు. కీర్తన నేర్వవచ్చిన విద్యార్థి వానిని చూడకయే పుట త్రిప్పును. మేము ఈ వ్యాసమున విమర్శింపదలచినది ఆ పంక్తులనే. ఆ గ్రంథకర్త చేసిన పనులలో అన్నిటికంటె సాహసమైనది అదియే యని మా అభిప్రాయము.

ఈ విషయము తళవాయిపురపు చదువరులకు దూరమైనది కాదు. ఆ గ్రంథము పుట్టినది చెన్నపట్టణమున గాదు, తంజావూరున గాదు. కోవిలుపట్టి దాటిన వెంటనే వచ్చు ఎట్టయపురమున. మన రాజపాళయమునుండి అది ఒక పూట ప్రయాణము. అక్కడి పాలకులు ఇంట తెలుగు మాటాడు కంబళత్తారు. మన యూరి పేరులోనే దళవాయి యున్నాడు. తమిళుల నాలుకపై ‘ద’కారము ‘త’కారమైనది గాని ఆ మాట నాయకరాజుల కొలువు మాటయే. విజయనగర, మధుర నాయకుల కాలములలో దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ కరిసల్ నేలలో ప్రత్తి పండించినవి, నూలు వడికినవి, మగ్గములు పెట్టినవి, గుడులు కట్టినవి. వానితోపాటు సంగీతమును కూడ పోషించినవి. ఆ పోషణకు మిగిలిన పెద్ద సాక్ష్యము 1904లో ఎట్టయపురపు విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో తెలుగు లిపిలో అచ్చయిన సుమారు 1,700 పుటల ఈ గ్రంథము.

గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు 1839లో జన్మించి 1906లో గతించెను. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడ. బాలస్వామి దీక్షితులు ఎట్టయపుర సంస్థాన విద్వాంసుడు. ఫిడేలును మన సంగీతమునకు అలవఱచిన వారిలో ప్రథముడు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దేహము చాలించినదియు ఎట్టయపురముననే. ఆయన సమాధి నేటికి అక్కడ కలదు. ఇట్లు మూడు తరముల విద్య ఒక యింట చేరినది. ఆ విద్యను అచ్చువేయవలెనని పట్టుపట్టినవాడు మద్రాసు సచివాలయమున ఉద్యోగము చేసిన చిన్నస్వామి మొదలియారు. ఆయన 1893లోనే మన కీర్తనలను ఐరోపా స్వరలిపిలో ప్రకటింప బూనిన దొడ్డవాడు. క్రైస్తవుడైన ఒక తమిళుని ప్రోద్బలము, తెలుగు ప్రభువుల ఆజ్ఞ, వైదిక కుటుంబమునకు చెందిన విద్వాంసుని పాండిత్యము, మూడును కలిసి ఈ గ్రంథము వెలువడినది. దానిని ఏ ఒక్క కులమునకును భాషకును చెందినదనుట తగదు.

ఇక విషయమునకు వత్తము. మన సంగీతమున రెండు భాగములు కలవు. కల్పితము ఒకటి, మనోధర్మము మఱియొకటి. కీర్తన, వర్ణము, పదము మొదలగునవి కల్పితములు. ఒకడు రచించును, మఱియొకడు నేర్చి పాడును. ఆలాపన, తానము, నెరవు, స్వరకల్పన మనోధర్మములు. అవి ఆ క్షణమున పుట్టి ఆ క్షణముననే లయించును. మంచి విద్వాంసుడు తోడిని గంటసేపు ఆలాపించిన పిమ్మట, అతడు గాంధారముపై నిలిచి చూపిన ఆ ఒక్క పట్టు మఱల కావలెనన్నచో అతనికే అది చిక్కదు. విన్నవారు ‘ఆహా’ యని తల యూపుదురు. మఱునాడు ఆ తల యూపిన జ్ఞాపకము మిగులును గాని పట్టు మిగులదు. శిష్యుడు పండ్రెండేండ్లు గురువు వెంట తిరిగి తంబుర మీటుట వెనుక నున్న ఆర్థిక శాస్త్రము ఇదియే. నూఱు పట్టులు విన్న చెవికి పది దక్కును.

ఇట్లు జారిపోవుదానిని పట్టి యుంచవలెనను చింత సుబ్బరామ దీక్షితులతో మొదలైనది కాదు. పదునేడవ శతాబ్దిలో తంజావూరి విజయరాఘవ నాయకుని కాలమున వేంకటమఖి తన ‘చతుర్దండీ ప్రకాశిక’లో సంగీతమును గీతము, ఆలాపము, ఠాయము, ప్రబంధము అను నాలుగు దండులపై నిలిపెను. ఈ నాలుగింటిలో రెండు మనోధర్మమునకు చెందినవే యగుట గమనింపదగినది. ఆలాపమునకు ఆయన అంగములు చెప్పెను. ఆక్షిప్తిక, రాగవర్ధని, స్థాయి, మకరిణి అని పేర్లు పెట్టెను. ఠాయమనగా ఒక స్వరమును నిలుకడగా పట్టుకొని దాని చుట్టును పలుకులను పెంచుట. పేరు పెట్టుట యనునది చిన్న పని కాదు. పేరు లేనిదానిని మరల వెదకి తెచ్చుకొనుట ఎవరి తరము?

తరువాత తంజావూరు నేలిన మరాఠా రాజులు ఈ పనిని ఇంకొక మెట్టు ఎక్కించిరి. 1684 నుండి 1712 వఱకు రాజ్యము చేసిన శాహజీ పేరిట తెలుగు వచనమున రాగలక్షణ మొకటి యున్నది. 1728 నుండి 1736 వఱకు ఏలిన తుళజాజీ ‘సంగీత సారామృతము’లో ఒక్కొక్క రాగమునకు లక్షణము చెప్పి ఊరకుండక, ఆ ప్రయోగము ఆలాపమున ఎట్లు వచ్చును, ఠాయమున ఎట్లు వచ్చును, గీతమున ఎట్లు వచ్చును అని ముక్కలు ఎత్తి చూపెను. శాస్త్రకారుడు సూత్రము చెప్పి తప్పించుకొనుట సులభము. ఉదాహరణము నిచ్చినవాడు పట్టుబడును. తుళజాజీ పట్టుబడుటకు సిద్ధపడిన రాజు. తంజావూరి సరస్వతీ మహలులోని తెలుగు లిపి వ్రాతప్రతులలో గీతములు, ఆలాపములు, ఠాయములు స్వరసహితముగా నిలిచియున్నవి. మరాఠీ మాతృభాషగా గల రాజులు తమిళదేశమున తెలుగు లిపిలో సంగీతమును దాచిరని తలచినపుడు మనకు కొంత గర్వమును, ఇంకొంత సిగ్గును కలుగకపోదు. సిగ్గు ఎందుకనునది ముందు చెప్పుదుము.

మధురలో మఱియొక నిధి కలదు. త్యాగరాజస్వామి శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతులును ఆయన వారును వ్రాసి యుంచిన ప్రతులు అక్కడి సౌరాష్ట్ర సభలో భద్రముగా నున్నవి. అవి గురుని కీర్తనలకు ప్రామాణికమైన ఆధారములు. అయితే శిష్యులు భద్రపఱచినది ప్రధానముగ కీర్తనలను. గురువు ఉంఛవృత్తికి పోవుచు వీథిలో ఆలాపించిన రాగము వ్రాతకు ఎక్కలేదు. ఎక్కవలెనని వారును తలచి యుండరు. కీర్తన దైవమునకు అర్పించిన పుష్పము. ఆలాపన ఆ పుష్పపు పరిమళమని వారి భావము. పరిమళమును గంపలో పెట్టువాడెవడు?

సుబ్బరామ దీక్షితులు పెట్టెను. సంచారి యనగా ఏమి? ఆలాపనలో రాగము నడచు మార్గము. ఎక్కడ బయలుదేరును, ఏ స్వరముపై నిలుచును, దేనిని త్రొక్కక దాటును, ఎచ్చట వంకరగా తిరుగును, మంద్రమునకు ఎట్లు దిగును, తారమున ఎంతవఱకు పోవును, ఏ పలుకుతో షడ్జమునకు మరలును, ఇవన్నియు కొద్ది పంక్తులలో ఇమిడి యుండును. ఆరోహణ అవరోహణములు చెప్పినంత మాత్రమున రాగము తెలియదని సంగీతము తెలిసిన ప్రతివాడు ఎఱుగును. ఊరికి పోవు దారి ఉత్తర దిక్కని చెప్పుట వేఱు. చెఱువు గట్టు దాటి, మఱ్ఱిచెట్టు దగ్గఱ కుడి చేతికి తిరుగుమని చెప్పుట వేఱు. సంచారి ఈ రెండవ విధమైనది.

ఈ సంచారుల విషయమున మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది వాని తాళము. ఆలాపనకు తాళము లేదు; అది మన సంగీతపు మొదటి పాఠము. కాని దీక్షితులు తన సంచారులను తాళమున బిగించెను. పలుచోట్ల అది మఠ్యతాళము. తొలిచూపునకు ఇది అపచారము వలె తోచును. స్వేచ్ఛగా పాఱు ఏటికి రాతి కట్టడము కట్టినట్లున్నది. మేమును ఈ విషయమును చాల విధముల ఆలోచించితిమి. తాళము లేని స్వరములను వ్రాసినచో చదువువాడు ఏ స్వరము ఎంతసేపు నిలుపవలెనో ఎఱుగడు. స, సా అని హ్రస్వ దీర్ఘములు వ్రాసినను వానికి కొలబద్ద కావలెను గదా. తాళము ఆ కొలబద్ద. నూఱేండ్ల తరువాత, గురువు లేనిచోట, ఎవడో ఒకడు ఆ పుట తెఱచినపుడు అతని చేతికి తాళమొక ఊతకఱ్ఱ. రాగము మనసున నాటుకొనిన పిమ్మట ఆ కఱ్ఱను పాఱవేయవచ్చును. కనుక సంచారి ఆలాపనకు నకలు కాదు. ఆలాపనలో తేలిన భావములను ఏఱి, కడిగి, మరల మొలకెత్తుటకు తగినట్లు గరిసెలో పోసిన విత్తనమది.

ఇంకొక విశేషము గమక చిహ్నములు. కంపితము, స్ఫురితము, ప్రత్యాఘాతము మొదలగు వానికి ఒక్కొక్క గుఱుతు కల్పించి స్వరముల నెత్తిన పెట్టెను. వీణ మీటువాని వ్రేళ్లు మెట్లపై ఏమి చేయునో దానినే ఆ గుఱుతులు చెప్పును. నొక్కు, జారు వంటి పేరులు మన యింటి మాటలే. ఒదుక్కల్, ఒరికై వంటివి తమిళపు మాటలు. తెలుగు లిపిలో తమిళపు చేతిపని! సంస్కృతములో వానికి గంభీరమైన పేరులు కల్పించుట ఆ పండితునికి క్షణములో పని. ఆయన అట్లు చేయలేదు. పనివాడు తన పనిముట్టును ఏ పేరున పిలుచునో ఆ పేరుననే ఉంచెను. తళవాయిపురమున మగ్గము, కుట్టుమిషను ఎఱిగిన మనకు ఈ మర్యాద బాగుగ తెలియును. మన పనిముట్ల పేర్లలో తెలుగును తమిళమును ఎక్కడ వేఱుపడునో మనమే చెప్పలేము.

ఇంతవఱకు మెచ్చుకోలు. ఇక లోపములు చూతము. గొప్ప గ్రంథమునకు లోపము చెప్పుట దానిని చదివితిమనుటకు గుఱుతు. ఆయన రాగములన్నిటిని 72 రాగాంగముల క్రింద అమర్చెను. ఈ అమరిక వేంకటమఖి సంప్రదాయమునకు చెందినది, కనకాంబరితో మొదలగును. క్రమము కలదు, శాస్త్రము కలదు. కాని నేటి సామాన్య విద్యార్థి భైరవిని వెదకవలెనన్నచో ఎక్కడ వెదకును? నఠభైరవి క్రింద వెదకును. అచ్చట అది లేదు. ఇరువదవ రాగాంగమైన నారీరీతిగౌళ క్రింద నున్నది. కాంభోజి కావలెనన్న ఇరువదియెనిమిదవదైన హరికేదారగౌళ క్రింద చూడవలెను. పెట్టెలో వస్తువులు చక్కగా సర్దియున్నవి. తాళపుచెవి మాత్రము సర్దినవాని మొలలో నున్నది. ఆయనకు పరిచితమైన క్రమము మూడు తరములలో మనకు అపరిచితమైనది. దాచువాడు తన కాలపు క్రమముననే దాచును. వేఱు దారి లేదు. అయితే దాని ప్రక్కన అందఱెఱిగిన పేరులతో నొక సూచిక యుండుట అవసరము.

రెండవ లోపము మఱికొంత లోతైనది. లెక్క నిండుటకై కొన్ని రాగాంగములకు కూడ లక్షణము, గీతము, తానము, సంచారి అన్నియు కూర్పబడినవి. అందు కొన్నింటిని ఏ విద్వాంసుడును గంటసేపు ఆలాపించి యుండడు. అవి మేళకర్త చక్రమున స్థానము నిండుటకు ఉన్న రాగములు. తోడి, శంకరాభరణముల సంచారులను చదువునపుడు వెనుక ఒక గొంతు వినబడును, శతాబ్దముల గొంతు. ఆ కొన్నింటి సంచారులు చదువునపుడు సుబ్బరామ దీక్షితుల గొంతు ఒక్కటియే వినబడును. ఒకచోట ఆయన విన్నదానిని వ్రాసెను; మఱియొకచోట ఉండదగినదానిని కల్పించెను. రెండింటికిని ఒకటే శీర్షిక. ఈ భేదమును ఆయన ఎచ్చటనైనను గుఱుతు పెట్టి యుండినచో మనకు మఱింత మేలగుచుండెడిది. విన్నదానిని, ఊహించినదానిని ఒకే సంచిలో పోయరాదు. విత్తనములు కొన్నవాడు ఈ మాట ఒప్పుకొనును.

వ్రాసిన మనోధర్మము చచ్చునని వాదించు విద్వాంసులు కలరు. పుస్తకములోని విద్య అక్కఱకు రాదను నానుడిని వారు ఎత్తుదురు. సంచారిని వల్లించి ఆలాపనగా పాడినవాడు ఎఱువు పాట పాడినట్లే యందురు. వారి మాటలో సత్యము లేకపోలేదు. సంచారిని యథాతథముగా అప్పగించువాడు సంగీతము పాడుట లేదు, పాఠము చెప్పుచున్నాడు. కాని వారు మఱచునది ఒకటి కలదు. శిష్యుడు గురువు పట్టును యథాతథముగా వల్లించుట కూడ అట్టిదే గదా. గురుముఖమున నేర్చిన పట్టు కొన్నాళ్లకు శిష్యుని సొంతమగునట్లే, పుటనుండి నేర్చిన పట్టును సొంతము చేసికొనవచ్చును, ఆలస్యమగును, అంతియే. జర్మనీ దేశమున బీథోవెను వాద్యమువద్ద అప్పటికప్పుడు కల్పించి వాయించుటలో ప్రసిద్ధుడు. ఆయనయే తనకు తోచిన స్వరముల తునకలను పుస్తకములలో వ్రాసికొని, ఏండ్ల తరువాత తీసి దిద్దుచుండెడివాడు. ఆ పుస్తకములు నేటికిని నిలిచియున్నవి. వ్రాయుట ఆయన కల్పనను చంపలేదు.

ఉత్తర హిందూస్థానపు సంగీతమును క్రోడీకరించిన విష్ణు నారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణ యాత్ర చేయుచు ఎట్టయపురమునకు వచ్చి సుబ్బరామ దీక్షితులను దర్శించెను. బొంబాయినుండి బయలుదేరిన పండితుడొకడు అంత దూరము ప్రయాణము చేసి కరిసల్ నేల సంస్థానమున దిగుట చిన్న విషయము కాదు. తరువాత ఆయన ఘరానాల గాయకులు ప్రాణమువలె దాచుకొనిన పాటలను సేకరించి, వేనవేలుగా వ్రాసి, పది ఠాట్ల క్రింద అమర్చి ప్రకటించెను. ఆయన అమరికపైనను నేటికి తగవులు కలవు. తగవులాడుటకైనను ఎదుట ఒక పుస్తకముండవలెను గదా.

వ్రాయనిచోట ఏమగునో తెలియుటకు మనము దూరము పోనక్కఱలేదు. ఎట్టయపురపు సీమలోనే విళాత్తికుళం స్వామి యని పేరుగాంచిన నల్లప్పస్వామి యుండెను; 1965లో గతించెను. ఆయన కీర్తి యంతయు రాగాలాపనపై నిలిచినది. గంటల తరబడి ఒకే రాగమును పాడి పండితులను, పామరులను కట్టివేసెనని చెప్పుదురు. ఇడైచెవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టి తమిళ రచయితగా ప్రసిద్ధికెక్కి 2021లో గతించిన కి. రాజనారాయణన్ వంటివారు ఆయనను తలచుకొన్న తీరు చదివినచో ఒడలు పులకించును. అయితే మనకు దక్కినది చాలవఱకు ఆ పులకింతయే. ఆయన ఖరహరప్రియలో ఏ పట్టు పట్టెను, ఎక్కడ విడిచెను అని అడిగినచో చెప్పగలవారు లేరు. అదే నేలలో సుబ్బరామ దీక్షితుల సంచారి నేటికిని పుటపై నిలిచి ‘ఇటు రమ్ము’ అని పిలుచుచున్నది. ఇద్దఱిలో ఎవరు గొప్పవారను ప్రశ్న ఇక్కడ లేదు. ఒకరి సంగీతముతో మనము నేడు పని చేయగలము; రెండవవారి సంగీతముతో చేయలేము.

మూడవవాడు కారుకురిచ్చి అరుణాచలము. నాగస్వర విద్వాంసుడు, కోవిలుపట్టిలో స్థిరపడి 1964లో నడివయసుననే గతించెను. 1962లో వచ్చిన ‘కొంజుం సలంగై’ చిత్రమున ఆయన నాగస్వరము విననివారు మన ప్రాంతమున అరుదు. ఆయన వాయించిన ఆలాపనలు ధ్వనిముద్రణములుగా మిగిలినవి. వీనిలో వ్రాతలో దొరకనిదంతయు దొరకును: ఊపిరి, నాదము, రెండు పట్టుల నడుమ మౌనము, డోలు వాద్యగాడు కాచుకొని యుండుట. సంచారి ఇవి ఇయ్యజాలదు. కాని ధ్వనిముద్రణమునకు ఒక చిక్కు కలదు. అరగంట ఆలాపనలో ఆ ఒక్క పట్టు పదునేడవ నిమిషమున నున్నదని ఎవరు చెప్పవలెను? వినినవాడు మొదటినుండి వినవలసినదే. పుస్తకమునకు పుటసంఖ్య యున్నది. రాగమునకు సంఖ్య యున్నది. ధ్వనికి ఎవడో ఒకడు కూర్చుండి అట్టి సంఖ్యలు కూర్పవలెను.

హిందూ దేశమున గ్రామఫోను ముద్రణము 1902లో కలకత్తాలో మొదలైనది. ప్రదర్శిని అచ్చగుటకు రెండేండ్ల ముందు! ఆ పలకపై ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పట్టదు. గంట రాగమును మూడు నిమిషములలో పిండి యిచ్చిన ఆనాటి విద్వాంసులు తమకు తెలియకయే సంచారిని పాడిరి. 1939లో తిరుచిరాపల్లి రేడియో కేంద్రము వచ్చినది. పిమ్మట టేపులు, క్యాసెట్లు వచ్చినవి. నేడు ప్రతివాని చొక్కా జేబులోని సెల్‌ఫోనున రాత్రియంతయు కచ్చేరి పట్టుటకు తావున్నది. పెండ్లిలో నాగస్వరము, గుడిలో భజన, అమ్మమ్మ లాలిపాట, వీణ నేర్చు బాలిక తోచినట్లు మీటిన నాలుగు పలుకులు, అన్నియు అందు చేరుచున్నవి. వానికి రాగము పేరు లేదు. పాడినవారి పేరు లేదు. తేదీ సంఖ్యలు తప్ప వేఱు గుఱుతు లేదు. ఫోను మార్చిన నాడు అవి పోవును. పోయినవని కూడ తెలియదు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళములతో కూర్చిన మాలికలో మనకు దక్కినవి 61 మాత్రమే. అవియు సుబ్బరామ దీక్షితులు అచ్చు వేయుటచేతనే దక్కినవి. తక్కిన 47 పోయినవని మనకు తెలియుటకు కారణము, దానికి ‘అష్టోత్తరశత’ అను లెక్క గల పేరుండుటయే.

మన పిల్లలలో పాట గలవారికి మేము సూచించునది బరువైన పని కాదు. తోచిన పట్టును ఫోనులో పట్టునపుడు ముందుగా నోటితో రాగము పేరు, తాళమున్నచో తాళము, పాడువారి పేరు, ఊరు, తేదీ చెప్పి పిమ్మట పాడవలెను. వారమునకొకమాఱు కూర్చుండి, నచ్చినవానిని మాత్రము ఏఱి, రాగమునకొక పుట చొప్పున ఒక నోటుపుస్తకమున స్వరములు వ్రాయవలెను. విన్నదానికి ఒక గుఱుతు, సొంతముగా తోచినదానికి మఱియొక గుఱుతు పెట్టవలెను. పైన చెప్పిన రెండవ లోపము మరల రాకుండుటకు ఇదియే ఉపాయము. తక్కినవానిని చెఱిపివేయుటకు సంకోచింపరాదు. అన్నిటిని దాచువాడు దేనిని దాచనివాడే యగును. దీక్షితుల గరిసెలో కూడ తాలు గింజలు ఎన్ని చెఱిగి పాఱవేయబడెనో మనకు కనబడదు గాని, చెఱుగని గింజలు అంత నిండుగా ఉండవు.

సిగ్గు మాట చెప్పుదుమంటిమి. ఈ గ్రంథము తెలుగు లిపిలో నున్నది. తళవాయిపురమున, రాజపాళయమున, ఇంట తెలుగు మాటాడు పిల్లలలో పెక్కురకు ఆ లిపి రాదు. నోట తెలుగు, చేత తమిళము. మద్రాసు సంగీత విద్వత్సభవారు 1961 మొదలు 1983 వఱకు ఐదు సంపుటములుగా దీనిని తమిళ లిపిలో ప్రకటించిరి. మన పూర్వుల ప్రాంతమున మన లిపిలో పుట్టిన గ్రంథమును మనము తమిళ లిపిలో చదువవలసి వచ్చినది. ఇందు నొచ్చుకొనువారు నొచ్చుకొనవచ్చును. మేము మాత్రము ఒక విచిత్రమును గమనించితిమి. లిపి మాఱినపుడు సాహిత్యమునకు దెబ్బ తగులును. ఒత్తక్షరములు, సరళములు తమిళపు అక్షరములలో ఇమడవు. స్వరములకు అట్టి బాధ లేదు. స, రి, గ, మ ఏ లిపిలోనైనను అవియే. గమక చిహ్నములకు లిపియే లేదు. కావున గ్రంథమంతటిలో ఏ నష్టము లేకుండ లిపి దాటి వచ్చినది సంచారి యొక్కటియే. కీర్తనకు తెలుగు నేర్వవలెను, నేర్పవలెను కూడ. అందు మాకు సందేహము లేదు. సంచారికి అంతవఱకు ఆగనక్కఱలేదు.

కావలసినది ఆ తాళపుచెవి. నేడు పాడుకలో నున్న రాగముల పేరులను అకారాదిగా వ్రాసి, ఎదుట రాగాంగపు సంఖ్య, సంపుటము, పుట వేసిన పట్టిక యొకటి మన సంఘ గ్రంథాలయమున నుంచినచో, వీణ మీటు పిల్లలు తామై వెదకికొందురు. ఒక ప్రక్క తెలుగున, ఒక ప్రక్క తమిళమున వ్రాసిన మఱియు బాగు. మొదట ఇరువది రాగములకు చాలును. భైరవికి ఎదుట 20 నారీరీతిగౌళ అనియు, కాంభోజికి ఎదుట 28 హరికేదారగౌళ అనియు వ్రాసినచో పట్టికలో రెండు పంక్తులు ఇప్పటికే పూర్తియైనవి.